‘నీ చిత్తమైతే’ అని ప్రార్థించడం అవిశ్వాసమా? దేవుని చిత్తాన్ని తెలుసుకొని ప్రార్థించడం ఎలా?

ప్రశ్న: మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో జమాఖర్చులు చూస్తాను. నా వయసు 29. నేను అడగబోయేవి రెండు ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని నా మట్టుకు అవి రెండూ ఒకటే.

నిరుడు వేసవిలో మా నాన్నగారు కాలేయ వ్యాధితో మంచం పట్టారు. మూడు నెలల పాటు ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన జరిగింది. నా వంతు వచ్చినప్పుడల్లా నేను, "ప్రభువా, నాన్నను స్వస్థపరచు, నీ చిత్తమైతే ఆయనను మాకు మరికొంత కాలం ఉంచు" అని ప్రార్థించేవాణ్ణి. చిన్నప్పుడు సండే స్కూల్లో మాకు నేర్పింది అలాగే. ఆగస్టులో నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆదరణ కూడిక ముగిసిన తరువాత, ఆ ప్రార్థనలను నడిపించిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "నీవు ‘చిత్తమైతే’ అన్న ప్రతిసారీ మా అందరి విశ్వాసానికి గండి కొట్టావు, సందేహించేవానికి ప్రభువువలన ఏమీ దొరకదని యాకోబు పత్రికలో వ్రాసి ఉంది కదా" అన్నారు. ఆయన మా కుటుంబం కోసం కన్నీళ్లతో ప్రార్థించిన మనిషి, ఆయన మీద నాకు కోపం లేదు. కాని ఆ రోజు నుండి నేను దేనికోసమూ నోరు తెరిచి ప్రార్థించలేకపోతున్నాను. ‘చిత్తమైతే’ అంటే అవిశ్వాసమేమో అని భయం. అనకపోతే దేవునికి ఆజ్ఞాపిస్తున్నానేమో అని భయం.

ఇప్పుడు కువైట్‌లో అకౌంటెంటు ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల ఒప్పందం. నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు ఇంకా ఆరు లక్షలు ఉంది. అమ్మకు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్ జరుగుతుంది. ఆసుపత్రికి తీసుకువెళ్లి, నాలుగు గంటలు కూర్చుని తీసుకువచ్చేది నేనే. అక్కయ్య తెనాలిలో ఉంటుంది. వెళ్లడం దేవుని చిత్తమా, ఉండడం దేవుని చిత్తమా అన్నది నాకు ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు ఏమని ప్రార్థించాలి? ఈ సోమవారం లోపు వాళ్లకు జవాబు చెప్పాలి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయురాలు, అరండల్‌పేట

బాబూ, కువైట్ సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు మీ నాన్నగారి విషయంలో మీ మీద పడిన భారాన్ని దించుకోండి. నేను ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలు పిల్లలకు ఆ ‘చిత్తమైతే’ అనే మాటను నేర్పిన దాన్ని కాబట్టి, మీకు జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు కూడా ఉందనుకుంటున్నాను.

మార్కు సువార్తలో ఇద్దరు మనుష్యులు యేసు ప్రభువు దగ్గరకు ‘అయితే’ అనే మాటతోనే వస్తారు. మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి మోకాళ్లూని, "నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అంటాడు. ప్రభువు అతనిని గద్దించలేదు. కనికరపడి, చెయ్యి చాపి ముట్టి, "నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్ము" అన్నాడు. తొమ్మిదో అధ్యాయంలో మూగదయ్యం పట్టిన కుమారుని తండ్రి, "ఏమైనను నీవలననైతే మాకు సహాయము చేయుము" అంటాడు. ఆ ‘నీవలననైతే’ అనే మాటను మాత్రం ప్రభువు పట్టుకొని సరిదిద్దాడు. తెలుగులో రెండూ ‘అయితే’తోనే ముగుస్తున్నాయి గాని వాటి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఒకటి దేవుని శక్తిని అనుమానిస్తుంది. మరొకటి ఆయన శక్తిని పూర్తిగా ఒప్పుకొని, నిర్ణయాన్ని ఆయనకు విడిచిపెడుతుంది. మీరు మీ తండ్రి మంచం పక్కన అన్నది కుష్ఠరోగి అన్న మాటే. పైగా ఆ రెండవ మనిషి కుమారుడు కూడా బాగుపడ్డాడు! తన అపనమ్మకం విషయంలో సహాయం చేయమని ఏడ్చిన తండ్రిని కూడా ప్రభువు వట్టి చేతులతో పంపలేదు.

ఇక యాకోబు పత్రిక మాట. "ఏమాత్రమును సందేహింపక విశ్వాసముతో అడుగవలెను" అనేది మొదటి అధ్యాయం ఆరవ వచనం. దానికి ముందున్న అయిదవ వచనంలో అడగమన్నది జ్ఞానాన్ని. దేవుడు ఎవనినీ గద్దింపక అందరికీ ధారాళంగా జ్ఞానం ఇస్తాడని స్పష్టమైన వాగ్దానం ఉంది కాబట్టి, అక్కడ సందేహానికి చోటు లేదు. అదే పత్రిక నాలుగవ అధ్యాయంలో, "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము" అని చెప్పుకోవలసిందని యాకోబే వ్రాశాడు. ‘చిత్తమైతే’ అనడం అవిశ్వాసమే అయితే, అదే మనిషి అదే పత్రికలో దానిని మనకు ఎందుకు నేర్పుతాడు?

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చిందే గాని ముల్లు పోలేదు. తన జతపనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి వ్రాశాడు. పౌలు విశ్వాసానికి గండి పడిందని మనలో ఎవరమైనా అనగలమా? మీ నాన్నగారు మీ మాటవల్ల పోలేదు, నాయనా. ఒక కుమారుని ప్రార్థనలోని ఒక్క పదం కోసం కాచుకొని కూర్చుని, అది దొరకగానే జవాబు ఆపివేసే తండ్రి కాదు మన తండ్రి.

జవాబు: పటమట సోదరి, విజయవాడ

అరండల్‌పేట అమ్మగారి మాటలు నన్ను ఆదరించాయి. అయినా ఆ పెద్దాయన చెప్పినదానిలో ఒక పాలు నిజం ఉన్నదని నేను నమ్ముతాను. దానిని ఆయన చెప్పకూడని చోట, చెప్పకూడని వేళ చెప్పారు.

మనలో చాలామందికి ‘చిత్తమైతే’ అనేది లోబడడం కాదు, ముందుజాగ్రత్త. అడిగింది దొరకకపోతే నొచ్చుకోకుండా ఉండడానికి, అడగకముందే కట్టుకునే గోడ అది. నేను అలా అడిగిన దాన్ని. నా భర్త తాగుడు మానాలని మొదటి మూడు నాలుగు సంవత్సరాలు, "ప్రభువా, నీ చిత్తమైతే ఆయనను మార్చు" అని పడుకునే ముందు ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. ఒక రోజు మా సంఘంలో రెండవ పేతురు పత్రిక మూడవ అధ్యాయం చదువుతున్నారు. ఎవడును నశింపవలెనని ఇచ్ఛయింపక, అందరూ మారుమనస్సు పొందవలెనని దేవుడు కోరుతున్నాడన్న మాట విన్నప్పుడు నాకు సిగ్గు వేసింది. ఆయన తన ఇష్టాన్ని ఇంత తేటగా చెప్పిన తరువాత నేను ‘నీకిష్టమైతే’ అనడమేమిటి? ఆ రోజు నుండి ఆ మాట తీసివేశాను. ప్రభువు చెప్పిన ఉపమానాల్లో న్యాయాధిపతిని విసిగించిన విధవరాలిలాగా, అర్ధరాత్రి రొట్టెల కోసం తలుపు తట్టిన స్నేహితునిలాగా సిగ్గు విడిచి అడిగాను. మొత్తం 11 సంవత్సరాలు పట్టింది. ఈలోగా ఇల్లు అమ్ముకున్నాం, పెద్దపిల్ల చదువు మధ్యలో ఆగింది. ఆయన మానేసి ఇప్పటికి నాలుగు సంవత్సరాలు. నా ప్రార్థన బలమైనది కాబట్టి అలా జరిగిందని నేను చెప్పను. నాకంటే ఎక్కువగా ప్రార్థించిన స్త్రీల భర్తలు మారకుండానే పోయారు, వారిలో ఇద్దరిని నేను దగ్గరగా ఎరుగుదును. దేవుడు కోరినదానికి కూడా మనిషి ఎదురు తిరగగలడు.

ఏతావాతా సోదరునికి నేను చెప్పేది ఇది. దేవుడు తన చిత్తం ఇదని వాక్యంలో చెప్పినచోట, క్షమించే మనస్సు కోసమో, పరిశుద్ధత కోసమో, ఒక ఆత్మ రక్షణ కోసమో, జ్ఞానం కోసమో అడిగేటప్పుడు ‘అయితే’ అనవద్దు. ఫలానా రోగం ఫలానా రోజుకు తగ్గాలనీ, ఫలానా ఉద్యోగం రావాలనీ అడిగేటప్పుడు మన దగ్గర అలాంటి మాట లేదు; అక్కడ అనండి. అక్కడ కూడా అడగవలసింది ముందు పూర్తిగా అడగండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు "నీ చిత్తమే సిద్ధించునుగాక" అన్న మాటనే మనం జ్ఞాపకం పెట్టుకున్నాం గాని, ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, తొలగించుమని ఆయన ముందు అడిగాడు, అదీ ఒక్కసారి కాదు. చెమట రక్తబిందువులవలె కారేటంతగా అడిగాడు.

ప్రశ్నించినవారు మళ్లీ

అమ్మగారికీ, సహోదరికీ నా కృతజ్ఞతలు. అమ్మగారి జవాబును నేను కొట్టు మూసిన తరువాత యార్డు బయట నిలబడి చదివాను. చాలా నెలల తరువాత ఆ రాత్రి ప్రార్థించాను.

మొదటిసారి వ్రాసినప్పుడు మొహమాటపడి చెప్పని సంగతి ఒకటి ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను తీసుకున్న వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరికి ఒక బైబిలు వచనం ఇచ్చే కార్డు) మీద యిర్మీయా 29:11 వచ్చింది: మిమ్మును గూర్చి నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావని. ఆ కార్డును సెల్‌ఫోను కవరు లోపల పెట్టుకున్నాను. దాని తరువాత నేను దేవుని ఎదుట ఒక గురుతు పెట్టుకున్నాను. 15వ తేదీ లోపల వీసా కాగితాలు వస్తే వెళ్లమని అర్థమనీ, రాకపోతే ఆగమని అర్థమనీ. బైబిలులో గిద్యోను గొర్రెబొచ్చు నేల మీద పరచి, మంచు దాని మీదే పడాలని దేవుణ్ణి గురుతు అడిగినట్టే అనుకున్నాను. 14వ తేదీ సాయంత్రం కాగితాలు వచ్చాయి. మా కూడికలో చెబితే అందరూ, "ఇంకా ఆలోచన ఏమిటి, దేవుడు ద్వారం తెరిచాడు" అంటున్నారు. కాని నాకు లోపల నెమ్మది లేదు. గురుతు వచ్చిన తరువాత కూడా సందేహించడం పాపమా?

జవాబు: బైబిలు బోధకుడు, విజయవాడ

సోదరా, మీ ప్రశ్నను రెండు రోజులు మనసులో పెట్టుకుని వ్రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించండి.

మొదట గిద్యోను. న్యాయాధిపతులు ఆరవ అధ్యాయాన్ని బొచ్చు దగ్గర కాకుండా పైనుండి చదవండి. 14వ వచనంలో యెహోవా అతనిని పొమ్మన్నాడు, 16వ వచనంలో తోడుగా ఉంటానన్నాడు. అంటే అతడు బొచ్చు పరచేనాటికి దేవుని చిత్తం అతనికి తెలుసు. తెలిసిన చిత్తానికి లోబడే ధైర్యం చాలక గురుతు అడిగాడు. దేవుడు కోపించకుండా ఆ బలహీనుని భరించాడు. తెలియని చిత్తాన్ని తెలుసుకునే మార్గంగా ఆ అధ్యాయం బొచ్చును మనకు నేర్పడం లేదు. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలులు చీట్లు వేసిన మాట నిజమే. అయితే అది పెంతెకొస్తుకు ముందు జరిగింది. ఆత్మ దిగివచ్చిన తరువాత అపొస్తలుల కార్యాల్లో ఎక్కడా సంఘం చీట్లు వేసినట్టు వ్రాయబడలేదు. ఈ తేడాకు నేను చాలా విలువ ఇస్తాను.

తెరిచిన ద్వారం గురించి కూడా ఒక మాట. యోనా దేవుని సన్నిధినుండి పారిపోతూ యొప్పేకు దిగినప్పుడు తర్షీషుకు పోయే ఓడ అక్కడ సిద్ధంగా ఉంది. చేతిలో కేవుకు, అంటే ఓడ కిరాయికి, డబ్బు కూడా ఉంది. ద్వారం ఎంత చక్కగా తెరుచుకున్నదో చూడండి! మరోవైపు పౌలు ఎఫెసులో తనకు అనుకూలమైన మంచి సమయం ప్రాప్తించిందని చెబుతూనే, ఎదిరించేవారు అనేకులున్నారని అదే వాక్యంలో అంటాడు. కాబట్టి దారి సుళువుగా ఉండడం దేవుని సమ్మతికి గురుతు కాదు, కష్టంగా ఉండడం ఆయన నిరాకరణకు గురుతు కాదు. 14వ తేదీన వచ్చిన కాగితాలు మీకు వెళ్లే అవకాశం ఉన్నదని చెబుతాయి. వెళ్లడం మంచిదో కాదో చెప్పవు. మీ సందేహం పాపం కాదు. మీ మనస్సు ఇంకా తూకం వేస్తున్నది, వేయనివ్వండి.

ఇప్పుడు మీ వాగ్దాన కార్డు. ఆ మాటను ప్రేమించండి. కాని ఆ మాట ఉన్న లేఖ మొత్తం చదవండి. యిర్మీయా దానిని యెరూషలేమునుండి బబులోనులో చెరలో ఉన్నవారికి పంపాడు. త్వరలోనే తిరిగి వస్తారని కలలు చెప్పే ప్రవక్తలను నమ్మవద్దన్నాడు. 70 సంవత్సరాలు గడవాలన్నాడు. అంతవరకు ఇండ్లు కట్టించుకొని కాపురముండమనీ, తోటలు నాటమనీ, తమను చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థన చేయమనీ చెప్పాడు. ఆ లేఖను విన్న పెద్దల్లో ఎక్కువమంది ఆ 70 ఏళ్లు గడవక ముందే బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. అయినా ‘సమాధానకరమైన ఉద్దేశములు’ అన్న మాట వారికి కూడా చెందినదే. మీరు దానిని ‘బయలుదేరు’ అన్న గురుతుగా తీసుకున్నారు. అసలు లేఖ కదలకుండా ఉండమని చెబుతున్నది. అలాగని ‘గుంటూరులోనే ఉండు’ అని మీకు వచ్చిన ఆజ్ఞగా ఇప్పుడు దానిని తిప్పుకోవద్దు, అది కూడా అదే పొరపాటు అవుతుంది. ఆ వాక్యం మీకు ఇచ్చేది దారి కాదు, దేవుని మనస్సు ఎలాంటిదో తెలియజేసే సాక్ష్యం. కువైట్‌లోనైనా గుంటూరులోనైనా ఆయన మీ మీద హాని తలపెట్టే దేవుడు కాడు. మన సంఘాల్లో జనవరి 1న కార్డులు పంచడం తప్పని నేను అనను, నేనూ పంచుతాను. అయితే కార్డు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఆ వారమే ఆ అధ్యాయం మొత్తం చదివితే సగం గందరగోళం తీరిపోతుందని మా సంఘంలో ప్రతి సంవత్సరం చెబుతాను.

మరి దేవుని చిత్తాన్ని ఎలా తెలుసుకోవాలి? మన తెలుగు బైబిలులో ‘చిత్తము’, ‘సంకల్పము’ అని రెండు మాటలు కనిపిస్తాయి. ఎఫెసీ పత్రికలో అవి ఒకే వాక్యంలో కలిసి వస్తాయి కాబట్టి వాటి మధ్య గట్టి గీత గీయలేము. కాని రెండు సంగతులను వేరుగా గ్రహించడం మేలు. లోకంలో జరగబోయేదంతా దేవుని చేతిలో ఎలా అమరి ఉన్నదన్నది ఆయన మరుగుచేసిన సంగతి. ద్వితీయోపదేశకాండము 29:29 ప్రకారం రహస్యములు యెహోవాకు చెందుతాయి, బయలుపరచబడినవి మనవి. మనం సాధారణంగా ‘దేవుని చిత్తం తెలియడం లేదు’ అని బాధపడేది ఆ రహస్యాన్ని గురించే. బయలుపరచినదాని మీద మనకు అంత ఆరాటం ఉండదు. "మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తము" అని థెస్సలొనీకయులకు తేటగా వ్రాసి ఉంది. ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం మీ విషయంలో దేవుని చిత్తమని అదే పత్రికలో ఉంది. తల్లిదండ్రులను సన్మానించడం ఆయన చిత్తం. దేవార్పితం, అంటే దేవునికి అర్పించేశామన్న పేరుతో తల్లిదండ్రులకు చేయవలసింది ఎగవేసినవారిని మార్కు ఏడవ అధ్యాయంలో ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో మీకు తెలుసు. అప్పు తీర్చడం ఆయన చిత్తం. అప్పు చేసి తీర్చకపోవడం భక్తిహీనుని గుణమని 37వ కీర్తన చెబుతుంది.

మీ విషయంలో కష్టమంతా ఇక్కడే ఉంది. తెలిసిన చిత్తాలు రెండు: తల్లిని చూసుకోవడం, అప్పు తీర్చడం. ఒకటి ఉండమంటున్నట్టుంది, మరొకటి వెళ్లమంటున్నట్టుంది. ఇలాంటిచోట ఆకాశంనుండి మూడవ మాట కోసం ఎదురుచూడకుండా, యాకోబు చెప్పిన జ్ఞానాన్ని అడిగి లెక్క వేయాలి. గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు, మీ వృత్తి కూడా లెక్కలే. వారానికి మూడు రోజులు అమ్మగారితో ఎవరు వెళ్తారు? అక్కయ్య ఇంటి దగ్గర తెనాలిలో డయాలసిస్ వీలవుతుందా? రెండేళ్ల జీతంలో ఖర్చులు పోను అప్పుకు ఎంత మిగులుతుంది? ఇక్కడే ఉండి వాయిదాల మీద తీర్చడానికి అప్పిచ్చినవారు ఒప్పుకుంటారా? ఈ ప్రశ్నలు ప్రార్థనకు బయటివి కావు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలుకు దర్శనం వచ్చిన తరువాత కూడా అతనితో ఉన్నవారు కలిసి ఆలోచించి, దేవుడు మమ్మును పిలిచియున్నాడని ‘నిశ్చయించుకొన్నారు’. అంతకుముందు ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ వారిని ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లబోతే వెళ్లనివ్వలేదు. ఎందుకో అప్పుడు వారికి చెప్పలేదు. వారు చేతులు కట్టుకొని కూర్చోకుండా త్రోయ వరకు నడిచారు.

గుంటూరు వారికి కుగ్లర్ దొరసానిగారి సంగతి నేను చెప్పనక్కరలేదు గాని, అది ఈ మాటకు దగ్గరగా ఉంది. అన్నా సారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదివిన లూథరన్ విశ్వాసి. వైద్యురాలిగా ఇక్కడికి రావాలని ఆమె కోరిక. వైద్య సేవ ప్రారంభించడానికి అప్పటికి ఆమె మిషను సిద్ధంగా లేదు. బోధనా పనికైతే పంపుతామన్నారు. ఆమె ఆ దారినే 1883లో గుంటూరు వచ్చారు. పాఠాలు చెప్పారు, తన దగ్గరకు వచ్చిన రోగులను కాదనలేదు. 1885లో ఆమెను వైద్య సేవకు నియమించారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. దారి మొత్తం ముందుగా కనిపించి ఉంటేనే బయలుదేరుతానని ఆమె అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

వెళ్లినా ఉన్నా, అమ్మగారికీ అప్పిచ్చినవారికీ మీరు నమ్మకంగా ఉన్నంతకాలం, రెండు దారుల్లో ఒకటి ఎన్నుకున్నందుకు దేవుడు మీమీద అలుగుతాడని భయపడవద్దు. దేవుని చిత్తం అంటే, అడుగు తప్పితే ప్రాణం పోయే తాడు మీద నడక కాదు. కొన్ని విషయాల్లో ఆయన మనకు నిజంగానే స్వేచ్ఛ ఇచ్చాడని నేను లేఖనాలను చదివి నమ్ముతున్నాను.

జవాబు: గుణదల నుండి ఒక కతోలిక విశ్వాసి

నేను మరొక సంఘానికి చెందినదాన్నయినా, ఈ సహోదరుని మాట చదివాక రెండు ముక్కలు వ్రాయాలనిపించింది.

మా లొయోల కాలేజీ ఎవరి పేరుమీద ఉన్నదో ఆ పునీత ఇగ్నేషియస్, 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడినప్పుడు తన మనస్సును గమనించడం నేర్చుకున్నాడు. కొన్ని తలంపులు అప్పటికి ఇంపుగా ఉండి తరువాత మనస్సును ఎండబెట్టాయి. కొన్ని తలంపులు వెళ్లిపోయిన తరువాత కూడా నెమ్మదిని మిగిల్చాయి. ఆయన బోధలో ఒక నియమం నాకు ఎన్నోసార్లు పనికివచ్చింది. ఆత్మ చీకటిలో కుంగి ఉన్న వేళ, అంతకుముందు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చకూడదు. మీరు ఇంకా తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నారు. ఆ ఇంటినుండి, ఆ పెద్దాయన అన్న మాటనుండి దూరంగా పోవాలన్న తొందర కూడా మీ ఆలోచనలో కలిసి ఉందేమో నెమ్మదిగా చూసుకోండి. ఉంటే అది తప్పు కాదు. కాని దానికి దేవుని చిత్తమని పేరు పెట్టకండి.

రెండవది పునీత మోనికమ్మ సంగతి. 383లో ఆమె కుమారుడు అగస్టీను ఆఫ్రికా తీరంనుండి రోమాకు ఓడ ఎక్కబోతుంటే, అతడు వెళ్లకూడదని ఆ తల్లి రాత్రంతా సముద్రపు ఒడ్డున ఒక ప్రార్థనాలయంలో ఏడ్చింది. తెల్లవారేసరికి ఓడ వెళ్లిపోయింది. ఆ ప్రయాణమే అతన్ని మిలానులో అంబ్రోసు మేత్రాణుల (బిషప్పు) దగ్గరకు చేర్చింది, 387లో అక్కడే జ్ఞానస్నానం పొందాడు. ఆ రాత్రి ఆమె అడిగింది దేవుడు ఇవ్వలేదనీ, ఎన్నో ఏళ్లుగా ఆమె అడుగుతూ వచ్చినదానిని ఇవ్వడానికే ఇవ్వలేదనీ అగస్టీను తరువాత తానే వ్రాసుకున్నాడు. అయితే స్నేహితుణ్ణి సాగనంపడానికని తల్లికి అబద్ధం చెప్పి ఓడ ఎక్కానని కూడా ఒప్పుకున్నాడు. అందుకనే అడుగుతున్నాను. మీరు వ్రాసినదంతా చదివాను, మీ అమ్మగారు ఏమన్నారో ఎక్కడా లేదు. ఆమెకు కువైట్ సంగతి తెలుసా?

ప్రశ్నించినవారు మళ్లీ

తెలియదు. గుణదల సహోదరి అడిగేవరకు, చెప్పలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. అమ్మకు బెంగ పెట్టకూడదని నాకు నేను చెప్పుకున్నాను. దేవుణ్ణి అడిగాను, కూడికలో అడిగాను, మిమ్మల్ని అడిగాను, పక్క గదిలో ఉన్న అమ్మను అడగలేదు.

నిన్న శనివారం డయాలసిస్ జరుగుతుండగా చెప్పాను. అప్పు మొత్తం ఎంత ఉన్నదో కూడా మొదటిసారి చెప్పాను. ఆమె రెండు లక్షలే అనుకుంటోంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్న కోసం నీవు చేసిన ప్రార్థనలు నేను ప్రతి శుక్రవారం విన్నాను. ఆయన కూడా విన్నారు. ‘వాడు బాగా ప్రార్థిస్తాడు’ అని నాతో రెండుసార్లు అన్నారు" అంది. కువైట్ గురించి అడిగితే, "వెళ్లమనీ ఉండమనీ దేవుడు నాకు చెప్పలేదు. రేపు అక్కను పిలువు, ముగ్గురం కూర్చుందాం" అంది.

ఈ రోజు ఆరాధన తరువాత అక్కయ్య, బావగారు వస్తున్నారు. విజయవాడ సేవకులు అడిగిన ప్రశ్నలన్నీ కొట్టు లెక్కల పుస్తకం కాగితం మీద వ్రాసి పెట్టుకున్నాను. జవాబు చెప్పడానికి ఇంకో వారం గడువు కావాలని కువైట్ వాళ్లకు మెయిలు పంపాను. ఇస్తారో లేదో తెలియదు.

రాత్రి అమ్మతో కలిసి ఇలా ప్రార్థించాను. పటమట సహోదరి చెప్పినట్టు, అడగవలసింది ముందు అడిగాను: "తండ్రీ, అమ్మను వదిలి వెళ్లవలసిన అవసరం లేకుండానే ఈ అప్పు తీరే దారి చూపించు. మాకు జ్ఞానం ఇవ్వు, అది ఇస్తానన్నావు కాబట్టి ‘అయితే’ అని అనడం లేదు. వెళ్లవలసివస్తే అమ్మకు తోడు ఎవరో చూపించు. నా ఇష్టం ఏమిటో నీకు చెప్పాను. ఇక నీ చిత్తమే జరగనియ్యి." చివరి మాట నా నోటినుండి రావడానికి కాస్త సమయం పట్టింది. అమ్మ ఆమెన్ అంది.